పసిమూటలో నీలం చీర

మా కింది వాటాలో అద్దెకుండే పిల్ల నిన్న మధ్యాహ్నం ఒక పెద్ద సంచీ మోసుకుని పైకి వచ్చింది. ఇక్కడే మదనపల్లెలో ఏదో బ్యాంకులో ఉద్యోగం. సెలవు రోజుల్లో తనూ, తనలాంటి మరో పదిమందీ కలిసి ఆస్పత్రుల్లోని రోగులకు ఊరికే గుడ్డలు కుట్టి ఇస్తుంటారు. రొమ్ము ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు చంక కింద పెట్టుకోవడానికి మెత్తటి దిండ్లు, డయాలసిస్‌కు వచ్చే ముసలివాళ్ళు ఒళ్ళో కప్పుకోవడానికి చిన్న దుప్పట్లు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు టోపీలు, చొక్కాలు. వాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు, కొలతలకు వీడియోలు, గుడ్డ కొనిచ్చే పెద్దమనుషులు, అన్నీ ఉన్నాయి.

"ఆంటీ, మీకు మిషను బాగా వస్తాదంట కదా. మాకు చేతులు చాలడం లేదు," అంది.

దిండ్లు ఎన్నైనా కుడతానన్నాను. అప్పుడు ఆ పిల్ల సంచీ అడుగు నుంచి ఒక చొక్కా తీసి నా చేతిలో పెట్టింది. తెల్లటి నూలు గుడ్డ, ముందు వైపు రెండు నాడాలు. నా అరచేతిని దాటలేదు అది.

"దిండ్లు కుట్టేవాళ్ళు చానామంది ఉండారు ఆంటీ. ఇవే మాకు కావాల్సింది."

కళ్ళు ఆనడం లేదమ్మా, ఇంత చిన్న కుట్లు నావల్ల కాదు అన్నాను. పచ్చి అబద్ధం. శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి సూదిలో దారం మొదటిసారికే ఎక్కిస్తున్నాను. పాపం, ఆ పిల్ల నమ్మింది. దిండు గుడ్డలు నా దగ్గర పెట్టి, చొక్కాను మడిచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ, పిల్లల్ని పెంచినన్నాళ్ళూ నేను కుడుతూనే ఉన్నాను. లంగాలు, సంచులు, దిండు గలీబులు, స్కూలు యూనిఫారాలు. పసిబిడ్డ చొక్కా మాత్రం ఒక్కటి కూడా కుట్టలేదు. నా కొడుక్కి, నా మనవరాలికి కూడా కొన్నవే తొడిగాను. ఎందుకని ఇంట్లో ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. నిన్న సాయంత్రం దాకా ఆ చొక్కా నా అరచేతిలోనే ఉన్నట్టు అనిపించింది. ఇక చెప్పేస్తే మంచిది.

నా చిన్నప్పుడు మేం పుంగనూరులో ఉండేవాళ్ళం. నాయన చింతపండు మండీలో మూటలు ఎత్తేవాడు. అమ్మ కూలికి చెనిక్కాయలు వలిచేది. వీధిలో అందరివీ అలాంటి బతుకులే. ఎండాకాలం వస్తే వీధి మొత్తం పులుపు వాసన కొట్టేది. ఒక్క చివరి ఇంట్లో మాత్రం వేరే వాసన ఉండేది. మిషను నూనె, కలరా ఉండలు, సోడాలో ఉడుకుతున్న పాత గుడ్డలు, వక్కాకు. ఆ ఇంట్లో ఉండే ముసలామె ఒంటరి మనిషి. రవికలు, లంగాలు కుట్టి బతికేది. ఆమెకు పేరు ఏదో ఉండే ఉంటుంది గాని, వీధికంతా మిషనవ్వ. మొన్నామధ్య పుంగనూరు పోయినప్పుడు చూశాను, ఆ ఇంటి చోట సెల్‌ఫోన్ల షాపు, పైన రెండు అంతస్తులు లేచాయి. వీధి పేరు కూడా మార్చారట.

బుధవారం మధ్యాహ్నం మిషనవ్వ కూలి కుట్టు పక్కన పెట్టేది. ఐదారుగురు ఆడవాళ్ళు అన్నాలు తిని, గిన్నెలు కడుక్కుని, సూదులు రవికకు గుచ్చుకుని ఆమె వసారాలోకి చేరేవాళ్ళు. మదనపల్లెలో ఒక ఆస్పత్రికి గుడ్డలు కుట్టేవాళ్ళు. ఎవరూ వాళ్ళను అడగలేదు, ఎవరూ వాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. బేస్తవారం పొద్దున్నే మిషనవ్వ ఆ మూట ఎత్తుకుని బస్సెక్కేది.

ఈ పని ఎందుకు మొదలుపెట్టిందో ఆమే చెప్పేది. చుట్టం ఒకామె కాన్పుకు తోడుగా మదనపల్లెకు పోయిందట. పక్క మంచంలో రోడ్డు పనికి వచ్చిన కూలి మనిషి ప్రసవించింది. బిడ్డను చుట్టడానికి ఏమీ లేక, మొగుడు అన్నం మూట కట్టుకొచ్చిన తువ్వాలులోనే చుట్టారు.

"సంగటి మెతుకు ఇంకా ఆ తువ్వాల్లోనే అంటుకోని ఉండాది పాపా. సరిగ్గా బిడ్డ చెవి కాడ. నేనే తీసినా," అనేది మిషనవ్వ.

మా వైపు బిడ్డ పుట్టకముందే బిడ్డకని ఏదీ కుట్టకూడదు, కొనకూడదు. ముందే ఆశపడినట్టు కనిపిస్తే దిష్టి తగులుతుందని భయం. పుట్టాక చుట్టాలు గుడ్డలు తెస్తారు. తెచ్చే చుట్టాలు లేనివాళ్ళ సంగతి ఎవరూ ఆలోచించలేదు. మిషనవ్వ దానికి ఒక దారి కనిపెట్టింది. మన బిడ్డకు మనం కుట్టుకుంటే గదా తప్పు, ఎవరి బిడ్డకో కుడితే దిష్టి ఎట్ల తగులుతాది అని వాదించి వీధిని ఒప్పించింది.

ఒప్పించింది గాని, రెండు కట్టుబాట్లు పెట్టింది. మొదటిది గుడ్డ గురించి. పసిఒంటికి మెత్తబడిన పాత చీరే వాడాలి. అది కూడా నిండుగా బతికిన మనిషి కట్టిన చీర అయి ఉండాలి. మనవళ్ళను ఎత్తుకున్న చెయ్యి ఉతికిన చీర అయితే మరీ మంచిది. ఆ మనిషి ఆయుష్షు గుడ్డలోంచి బిడ్డకు దిగుతుందని ఆ ఆడవాళ్ళ నమ్మకం. అలాంటి చీరలన్నీ ఒక మూట. దాన్ని పసిమూట అనేవాళ్ళు. చిన్న వయసులో పోయినవాళ్ళ చీరలు, ఎవరివో తెలియని చీరలు పెద్దమూటలోకి పోయేవి. వాటితో పెద్ద రోగులకు బొంతలు, దిండు గలీబులు, మందుల సంచులు కుట్టేవాళ్ళు. బతికి ఇంత దూరం వచ్చినవాళ్ళకు గుడ్డ ఎవరిదైనా ఒకటే.

రెండో కట్టుబాటు తొలి కుట్టు గురించి. ప్రతి చొక్కాకూ మొదటి కుట్టు చేత్తో వేయాలి. పుట్టిన పిల్లలందరూ బతికి ఉన్న తల్లే వేయాలి. ఆ రోజుల్లో అలాంటి తల్లి దొరకడం అంత సులువు కాదు. మా అమ్మ పనికి రాదు, నాకు ముందు పుట్టినవాడు పోయాడు. మా ఎదురింటి పెద్దమ్మకు ఆరుగురు, ఆరుగురూ గుండ్రాళ్ళలా ఉండేవాళ్ళు. ఆమె వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని, దవడలో వక్కాకు పెట్టుకుని, ఒక్కో చొక్కాకు ఒక్కో కుట్టు వేసి పక్కకు విసిరేది. "నేను లేకుంటే మదనపల్లెలో కాన్పులు నిలిచిపోతాయి" అని గొప్పలు పోయేది.

మిషనవ్వ తొలి కుట్టు ఎప్పుడూ వేయలేదు. ఆమెకు ముగ్గురు పుట్టారు. ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. ఆమె ముందు ఈ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఎవరూ అనకముందే ఆ కట్టుబాటు పెట్టింది ఆమే.

పిల్లలం మేం ఇంటింటికీ పోయి పాత చీరలు అడిగి తెచ్చేవాళ్ళం. ఏ చీర ఎవరిదో గుర్తు పెట్టుకోవడం మా పని. చీర చేతిలో పెట్టగానే మిషనవ్వ "ఎవురిదే?" అనేది. "మూలింటి తాత పెండ్లాముది." "వయసెంత?" "పండ్లు లేవవ్వా." "సరే, పసిమూటలో ఎయ్యి." అలా సాగేది. పని అయ్యాక బొరుగుల్లో ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తరిగి కలిపి తలా ఒక గుప్పెడు పెట్టేది. ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే మాటలు వినడానికి నేను ఒక్కో బొరుగూ లెక్కపెట్టుకుంటూ తినేదాన్ని. ఎవరి మొగుడు ఎవరిని కొట్టాడో, ఎవరు ఎవరితో బెంగుళూరు బస్సెక్కారో అన్నీ ఆ బొరుగులతో పాటే నాకు తెలిశాయి.

ఒకసారి చొక్కా సరిపోతుందో లేదో చూద్దామని పిల్లికూనకు తొడిగాను. అది చొక్కాతో సహా గోడ దూకి పోయింది. వీధి పిల్లలందరం వెంటబడి పట్టుకునేసరికి సగం సాయంత్రం అయిపోయింది. మిషనవ్వ తిడుతుందనుకున్నాను. ఆమె చొక్కాను తిప్పి తిప్పి చూసి, "కొలత సరిపోయిందా?" అని అడిగింది. తర్వాత ఆ రోజు ఉడకాల్సిన గుడ్డలన్నీ నాచేత ఉడికించింది.

ఇక మా చిన్నమ్మ సంగతి. అమ్మకు చెల్లెలు. చౌడేపల్లెలో జేజి దగ్గర, అంటే మా అమ్మమ్మ దగ్గర ఉండేది. ఆవుల పని అంతా ఆమెదే. ఎండాకాలం సెలవులకు నేను ఆమె దగ్గరికే పోయేదాన్ని. ఆమె ఒంటి మీద పాల వాసన, జడలో మరువం వాసన. ఊర్లో ఏ పిల్ల ఏడ్చినా చంకనెత్తుకునేది, ఎత్తుకుంటే దించేది కాదు. పాలు పోసిన డబ్బుతో తనే ఒక వాయిలు చీర కొనుక్కుంది. నీలం మీద తెల్ల చుక్కలు. నేను ఆ కొంగు పిడికిట్లో పట్టుకునే నిద్రపోయేదాన్ని. నాలుగు రోజుల జ్వరంతో పోయింది. పంతొమ్మిదేళ్ళు.

ఏడాది తిరిగాక జేజి ఆమె పెట్టెను మా ఇంటికి పంపించింది. అది ఇంట్లో ఉంటే అన్నం దిగడం లేదని చెప్పి పంపిందట. అమ్మ ఏడుస్తూనే అన్నీ తలా ఒకటి పంచింది. నీలం చీర మడిచి నా చేతికిచ్చింది.

"మిషనవ్వకి ఇచ్చిరా. చిన్నమ్మదని చెప్పు. పెద్దమూటలో ఏసుకుంటాది," అంది.

పెద్దమూట అంటే బొంత. మిషనవ్వతో ఆస్పత్రికి పోయినప్పుడు మేం ఇచ్చిన బొంత ఒకటి మంచం కింద మరకలతో ముడుచుకుని పడి ఉండడం చూశాను. చిన్నమ్మ చీరకు ఆ గతి పట్టకూడదనుకున్నాను. అది ఒక బిడ్డ ఒంటి మీద ఉండాలనుకున్నాను. చిన్నమ్మ అయినా అదే కోరుకుంటుందని నాకు గట్టి నమ్మకం. ఆ నడివీధిలో నడుస్తూనే తేల్చుకున్నాను.

"ఎవురిదే?" అంది మిషనవ్వ.

"మా జేజిది."

ఆమె చీరను వెలుతురుకు పట్టింది. "మీ జేజి ఇట్లాంటి కోక యాడ కట్టింది?"

"వయసులో ఉన్నప్పుడు కట్టిందంట. పెట్లోనే దాచిపెట్టుకోని ఉండె. ఇంక నాకు యాలలే, పసిబిడ్డలకి ఇయ్యమనింది."

అంత నున్నగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు. మిషనవ్వ ముఖం మెత్తబడింది. "మీ జేజి మనసు మంచిది. నూరేండ్లు ఉండాల," అని పసిమూటలో వేసుకుంది. జేజి నిజంగానే తొంభై దాటి బతికింది.

ఆ బుధవారం ముసురు పట్టింది. వసారాలోకి జల్లు కొడుతోంది. ఆడవాళ్ళు ఎవరూ రాలేదు. ఎదురింటి పెద్దమ్మ పెండ్లికని కలికిరి పోయింది. మిషనవ్వ నీలం చీరలో మెత్తటి భాగం చూసి మూడు చొక్కాలు కత్తిరించింది. కత్తిరించి, ఒళ్ళో పెట్టుకుని వానకేసి చూస్తూ కూర్చుంది.

"ఈ వారానికి వద్దులే. పెద్దమ్మ వచ్చినాక చూద్దాం," అంది.

నాకు ఆగలేదు. వారం రోజులు ఆగితే ఈలోపు అమ్మ వచ్చి ఏదో మాట్లాడుతుంది, నా సంగతి బయటపడుతుంది.

"ఒక్క కుట్టే గదవ్వా. నువ్వే ఎయ్యి. ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది గదా పాపా."

అలా అన్నది గాని, చొక్కాలను పక్కన పెట్టలేదు. నీలం గుడ్డను బొటనవేలితో రుద్దుతూ చాలాసేపు ఉంది. ఎన్ని వందల చొక్కాలు కత్తిరించి ఉంటుందో, మిషను మీద ఎన్ని తొక్కి ఉంటుందో. అన్నిటికీ మొదలు పెట్టేది వేరే చెయ్యి. అప్పుడు ఆమె సూది తీసింది. ఊపిరి బిగబట్టి మొదటి చొక్కాకు ఒక కుట్టు వేసింది. తర్వాత రెండోదానికి, మూడోదానికి. తలెత్తినప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్న మనిషి ముఖం అది.

మరుసటి రోజు బడి ఎగ్గొట్టి ఆమెతో మదనపల్లె పోయాను. బస్సు నిండా టమాటా గంపలు, తడిసిన గొంగళ్ళ వాసన. ఆస్పత్రిలో ఆయమ్మ మూట విప్పి, నీలం చొక్కా చూసి ముచ్చటపడి, తెల్లవారుజామున పుట్టిన ఆడబిడ్డకు తొడిగింది. చాలా చిన్న బిడ్డ. ఆ బిడ్డ తల్లి కుప్పం వైపు అమ్మాయి, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదై ఉంటుంది. మాటల్లో అరవం కలిసేది. చొక్కా మీది తెల్ల చుక్కల్ని వేలితో ఒక్కొక్కటే ముట్టుకుంది.

"నల్లా ఉండాది అక్కా," అంది మిషనవ్వతో, బాగుందని.

చిన్నమ్మ కొంగు ఒక బిడ్డ గుండె మీద లేస్తూ దిగుతూ ఉంటే చూశాను. నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. బస్టాండులో మిషనవ్వ మిరపకాయ బజ్జీ కొనిపెట్టింది, ఇంకోటి కావాలని ఏడ్చి మరీ తిన్నాను.

మళ్ళీ బేస్తవారం ఆమె ఒక్కతే పోయింది. సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె ఇంట్లో పొయ్యి వెలగలేదు. మిషను ముందు కూర్చుని ఉంది, కాళ్ళు పెడలు మీద లేవు.

"నీలం సొక్కా బిడ్డ పోయింది పాపా. మూడో దినానికే," అంది. "ఆ సొక్కాతోనే మన్ను చేసినారంట. ఆయమ్మ సెప్పె."

ఆస్పత్రిలో బిడ్డలు పోవడం ఆమెకు కొత్త కాదు. మేం ఇచ్చిన చొక్కాలతో పోయినవాళ్ళు ఇదివరకూ ఉన్నారు. కాని వాటికి తొలి కుట్టు వేరేవాళ్ళది.

"ఆ కోక మీ జేజిదే గదా?"

"ఊ."

"మీ జేజి బాగుండాదా?"

"బాగుండాది."

"నిజమే గదా పాపా?"

"నిజమే అవ్వా."

ఆమె తలాడించింది. తన కుడిచేతిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంది. "అయితే గుడ్డలో ఏం దోషం లేదు," అంది నెమ్మదిగా.

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు ఊరట కలిగింది. చిన్నమ్మ చీర బిడ్డను చంపిందేమోనని భయపడుతున్న నాకు, కాదు, మిషనవ్వ చెయ్యి అని ఆమే చెబుతోంది. పదేళ్ళ పిల్లను. దొరికిన దారిలో దూరిపోయాను.

పసిమూట ఆ రోజుతో ఆగిపోయింది. మరుసటి బుధవారం ఆడవాళ్ళందరి ముందు తొలి కుట్టు తానే వేశానని ఆమె చెప్పేసింది. నేను వేయమన్నానని చెప్పలేదు. ఎదురింటి పెద్దమ్మ కోప్పడింది. "నెలలు నిండని బిడ్డ అది. నువ్వేం చేస్తే మటుకు నిలుస్తాదా?" అని. మిగిలినవాళ్ళు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆమె విన్నది. ఒకామె చంకలో బిడ్డను ఇటు నుంచి అటు మార్చుకుని కూర్చుంది. నేను అది చూశాను, మిషనవ్వ కూడా చూసింది.

ఆ తర్వాత ఆమె రవికలు కుట్టింది, లంగాలు కుట్టింది. పసిబిడ్డల్ని మాత్రం ముట్టుకోలేదు. వీధిలో ఎవరైనా బిడ్డను తెచ్చి ఆమె ముందు పెడితే రెండు చేతులూ కొంగులో దాచుకునేది. నవ్వుతూ పలకరించేది, చేతులు బయటికి తీసేది కాదు. కొన్నాళ్ళకు బొంతలు కుట్టడానికి కూడా ఎవరూ రాలేదు. నాకు బుధవారం మధ్యాహ్నం బొరుగుల వాసన లేని వసారా ముందు నుంచి పోవాలంటే కాళ్ళు వచ్చేవి కావు.

చెప్పేద్దామని మూడు నాలుగు సార్లు పోయాను. ఒకసారి చెంబుతో మజ్జిగ పట్టుకుని పోయి, మజ్జిగ ఇచ్చి వచ్చేశాను. ఒకసారి గుమ్మం దాకా పోయాక ఆమె "ఏం పాపా?" అంది, అమ్మ దారపుండ అడిగిందన్నాను. మళ్ళీ అబద్ధమే. కలల్లో చిన్నమ్మ చౌడేపల్లె పశువుల కొట్టంలో నిలబడి ఉండేది. చంకలో నీలం చొక్కా బిడ్డ. ఆమె ఆ బిడ్డను ఊపుతూనే ఉండేది, నా వైపు చూసేది కాదు.

మిగిలిన రెండు చొక్కాలు ఎవరికి పోయాయో నాకు తెలియదు. అదొకటి పట్టుకుంది నన్ను. బస్సులో, సంతలో ఎక్కడ పసిబిడ్డ కనిపించినా చొక్కా రంగు చూసేదాన్ని. ఆ ఇద్దరూ బతికి ఉంటే వాళ్ళకిప్పుడు యాభై దాటి ఉంటుంది. కూరగాయల అంగట్లో నాకు టమాటాలు తూచి ఇచ్చే మనిషి వాళ్ళలో ఒకడేమో. ఈ మాట ఎవరితో అంటాం.

నేను పెద్ద క్లాసులకు వచ్చేసరికి మిషనవ్వ మిషను అమ్మేసి కుప్పం వెళ్ళిపోయింది. అక్కడ ఆమె తమ్ముడి కొడుకు గ్రానైటు పాలిష్ పనిలో ఉండేవాడు. నేను చదువుకుని, ఆఫీసులో టైపిస్టునై, పెళ్ళి చేసుకుని, బిడ్డను కని, ఇన్నిటి మధ్యా ఆమెను మరిచిపోయినట్టు నటించాను. చివరికి ఒకసారి ఆఫీసు పని మీదే కుప్పం పోవాల్సి వచ్చింది. మధ్యాహ్నానికే పని అయిపోయింది. కాళ్ళు అవే తీసుకుపోయాయి.

రైలు పట్టాల పక్కన ఇల్లు. ఇంటి ముందు మొక్కల ఆకుల మీద కూడా రాతి పిండి. మిషనవ్వ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు రెండూ తెల్లబడిపోయాయి. నా గొంతు విని కొంచెంసేపు తల వంచుకుని, "పుంగనూరు పాపవా?" అంది.

లోపల ఆ ఇంటి కోడలు వంట చేస్తోంది. మంచం పక్కన చాప మీద నాలుగైదు నెలల బిడ్డ ఏడుస్తోంది. చెయ్యి చాస్తే అందే దూరం. మిషనవ్వ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, "బిడ్డ ఏడస్తాండాది, ఎవురన్నా రాండమ్మా," అని లోపలికి కేకేసింది. కోడలు వచ్చి బిడ్డను ఎత్తుకుపోయింది. ఆ ఇంట్లో అది మామూలే అన్నట్టు ఎత్తుకుపోయింది.

ఇక ఆగలేకపోయాను. నీలం చీర మా జేజిది కాదని, చిన్నమ్మదని, చిన్నమ్మ పంతొమ్మిదేళ్ళకే పోయిందని, అమ్మ పెద్దమూటలో వేయమన్నా నేనే అబద్ధం చెప్పానని, అంతా చెప్పేశాను. మధ్యలో రైలు వస్తే అది పోయేదాకా ఆగి మళ్ళీ చెప్పాను. ఆమె వింటూ ఉంది.

"మీ చిన్నమ్మ ఎట్లుండేది?" అని అడిగింది చివరికి.

పిల్లల్ని ఎత్తుకుంటే దించేది కాదన్నాను.

"గుడ్డ ఎవురినీ సంపదు పాపా," అంది. "ఆ బిడ్డ నెలలు నిండకుండా పుట్టె. పిడికెడు ఉండె. నువ్వు దాన్ని మనసులో పెట్టుకోవాకు."

నా తప్పుకు అంత సులువుగా చెప్పగలిగిన ఆ మాటను ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తన చేతికి చెప్పుకోలేకపోయింది. ఆ సంగతి ఆమెకు కూడా అప్పుడే తట్టిందేమో. తొడల కింద నుంచి చేతులు బయటికి తీసింది. ఒకదానితో ఇంకోదాన్ని తడుముకుంది.

"ముందే సెప్పింటే," అంది. "ఈ ఇంట్లోనే ముగ్గురు పిలకాయలు పెద్దోళ్ళయినారు. ముందే సెప్పింటే ఎత్తుకోని ఉందును గదే."

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. ఆమె ఓదార్చాలని నేనూ కోరుకోలేదు.

"సూది ఉండాదా నీకాడ?" అని అడిగింది తర్వాత.

నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. దారం ఎక్కించి, ముడి వేసి ఆమె వేళ్ళ మధ్య పెట్టాను. ఆమె తన కొంగు అంచునే మడిచి పట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఆమె చేతులు ఆమెకు తిరిగి ఇవ్వడానికి పోయాననుకున్నాను. కళ్ళు పోయిన తర్వాత పోయాను. సూది గుడ్డలో ఒకచోట దిగితే ఇంకోచోట తేలుతోంది. ఒక కుట్టు గోరంత, ఒక కుట్టు వేలంత. వరస పక్కకు జారిపోయి అంచు దాటి పోతోంది. జానెడు దూరం కుట్టి ఆపింది.

"సక్కంగా పడినాయా?"

"సక్కంగానే పడినాయి అవ్వా."

ఆమె బొటనవేలితో ఆ కుట్లను మొదటి నుంచి చివరిదాకా తడుముకుంటూ పోయింది.

"అబద్ధాలు ఇంకా మానలేదే నువ్వు," అంది.

ఆ గొంతులో కోపం లేదు. దారం పంటితో తెంచి సూది నా చేతిలో పెట్టింది. పొద్దు పోతాండాది, బస్సుకు పో అంది. వచ్చే నెల మళ్ళీ వస్తాను అవ్వా, బిడ్డను కూడా తెస్తాను, నీ ఒళ్ళో పడుకోబెడతాను అన్నాను. ఆమె రెండు చేతులూ చాచి, ఎంత ఉంటాడు అన్నట్టు గాలిలో కొలత పెట్టింది. ఇంతేనవ్వా అని చెప్పి, ఆ చేతుల మధ్య ఎడం కొంచెం తగ్గించాను.

ఆ మాట మాత్రం నిజంగానే అన్నాను. మరుసటి నెల ఆఫీసులో తనిఖీ వచ్చింది, ఆ తర్వాతి నెల బిడ్డకు జలుబు చేసింది, ఆ తర్వాత ఏదో. నేను పోలేదు.